ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్‌లు: సరుకు ఏ గేటు దాటిందో తెలిసేదెలా, తెలియకుండా పోయేదెందుకు

కారు ముందు అద్దానికి అంటించిన ఫాస్టాగ్, ఎగుమతి కంటెయినర్ తలుపుకు బిగించిన ఈ-సీల్, బట్టల షాపులో ధర చీటీ లోపల మెరిసే సన్నటి తీగల అల్లిక. చూపుకు మూడూ వేరు, జాతి ఒకటే: ఆర్‌ఎఫ్‌ఐడీ, అంటే రేడియో తరంగంతో దూరం నుంచే నంబరు చదివించుకునే ట్యాగ్. మూడింటిలోనూ బ్యాటరీ ఉండదు. మూడూ ఐఎస్‌ఓ 18000-63 అనే ప్రమాణం ప్రకారమే మాట్లాడతాయి. ఈ రంగంలో పనిచేసేవాళ్ళు దాన్ని 'జెన్ టూ' అంటారు. మన దేశంలో మూడూ పనిచేసేది 865 మెగాహెర్ట్జ్ దాటిన ఓ చిన్న ముక్కలో.

ఆర్‌ఎఫ్‌ఐడీ పెడితే చాలు, ప్రతి పెట్టె ఎక్కడుందో తెర మీద కనిపిస్తుందని అమ్మేవాళ్ళు చెబుతుంటారు. కనిపించదు. ఇది జీపీఎస్ కాదు. ట్యాగ్‌కు తను ఎక్కడుందో తెలియదు, తనంతట తాను ఏదీ పంపదు. రీడర్ (ట్యాగ్‌ను రేడియోతో పలకరించి చదివే యంత్రం) ముందుకు వచ్చినప్పుడు తన నంబరు చెబుతుంది, అంతే. రెండు రీడర్ల మధ్య దారంతా చీకటి. పలానా నంబరు పలానా యాంటెన్నాకు వినిపించిందన్న ముక్కను 'ఈ పెట్టె ఈ తలుపు గుండా లారీలోకి ఎక్కింది' అనే నమ్మదగిన మాటగా మార్చాలి. ఖర్చంతా, తలనొప్పులన్నీ ఆ మార్చడంలోనే ఉన్నాయి.

4 వాట్లు పంపితే చేరేదెంత

రీడర్ పంపే రేడియో తరంగమే ట్యాగ్‌కు కరెంటు. మన దగ్గర లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005లో 865-867 మెగాహెర్ట్జ్ వదిలారు. ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్, యాంటెన్నా బలం కలుపుకొని 4 వాట్లు, ఒక్కో చానెల్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్. తర్వాత 2021లో పై హద్దును 868కి జరిపారు.

4 వాట్లంటే 36 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే కొలత; 3 డెసిబెల్స్ తగ్గితే పవర్ సగమైనట్టు). అడ్డేమీ లేని గాలిలో 10 మీటర్లు వెళ్ళేసరికి అందులో 51 డెసిబెల్స్ పోతాయి. ట్యాగ్ యాంటెన్నా 2 డెసిబెల్స్ కలిపి ఇస్తుంది. కానీ గోడౌన్లలో వాడే రీడర్ యాంటెన్నా తరంగం గుండ్రంగా తిరుగుతూ వస్తుంది, ట్యాగ్ మాత్రం ఒక గీత వెంట ఉన్న భాగాన్నే పట్టుకుంటుంది. అక్కడ 3 డెసిబెల్స్ నష్టం. మిగిలింది మైనస్ 16 డీబీఎం, అంటే సుమారు 25 మైక్రోవాట్లు. ఇప్పుడొస్తున్న మంచి చిప్‌లు మైనస్ 22 నుంచి మైనస్ 24 డీబీఎం దగ్గరే మేల్కొంటాయి. 4 నుంచి 6 మైక్రోవాట్లు చాలు వాటికి. కాగితం మీద చూస్తే 20 మీటర్ల దాకా చదవాలి. ఇనుప రాక్‌లు, రోలింగ్ షట్టర్లు, మనుషులు, తడి సరుకు ఉన్న గోడౌనులో 4 నుంచి 8 మీటర్లు వస్తే బాగా వచ్చినట్టే.

తిరుగు ప్రయాణం ఇంకా సన్నం. ట్యాగ్ కొత్తగా తరంగాన్ని పుట్టించదు. తన మీద పడ్డదాన్ని ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వెనక్కి కొడుతూ ఒకట్లూ సున్నాలూ చెబుతుంది. అది రీడర్‌కు చేరేటప్పటికి మైనస్ 70 డీబీఎం దగ్గర ఉంటుంది. అదే సమయంలో అదే యాంటెన్నా నుంచి రీడర్ 30 డీబీఎం పంపుతూ ఉంటుంది. మంచి రీడర్ ఖరీదులో చాలా భాగం ఈ రెండింటినీ విడదీయడానికే పోతుంది.

ట్యాగ్ లోపల పెద్దగా ఏమీ లేదు. అర మిల్లీమీటరు వెడల్పు చిప్, ప్లాస్టిక్ పొర మీద చెక్కిన అల్యూమినియం యాంటెన్నా, రెంటినీ కలిపే వాహక జిగురు చుక్క. ఈ తరంగం పొడవు 34.6 సెంటీమీటర్లు. యాంటెన్నా అందులో సగం, 17 సెంటీమీటర్లు ఉండాలి. దాన్ని మెలికలు తిప్పి 7 నుంచి 10 సెంటీమీటర్లకు కుదిస్తారు. ఇంకా కుదిస్తే దూరం తగ్గుతుంది. నగల షాపు బుల్లి ట్యాగ్‌ను గోడౌను తలుపు దగ్గర చదవాలనుకోవడం వృథా. లేబుల్ పాడయ్యేది ఎక్కువగా ఆ జిగురు చుక్క దగ్గరే. పెట్టె అంచు మీద మడత పెట్టి అంటించినా, ప్రింటర్ హెడ్ ఒత్తిడి చిప్ మీద ఎక్కువ పడినా, పైకి బాగానే కనిపిస్తూ లోపల చచ్చిపోతుంది.

లోహం, నీళ్ళు, ఎండు మిర్చి

ఈ తరంగాన్ని అట్ట, గుడ్డ, ప్లాస్టిక్, ఎండు చెక్క ఆపవు. లోహం తిప్పికొడుతుంది. నీళ్ళు మింగేస్తాయి.

లోహానికి ఆనించి మామూలు లేబుల్ అంటిస్తే, లోహం నుంచి తిరిగొచ్చిన తరంగం వచ్చే తరంగానికి ఎదురై ఆ ఉపరితలం దగ్గర రెండూ కొట్టేసుకుంటాయి. పైగా యాంటెన్నా ట్యూనింగ్ కూడా తప్పిపోతుంది. అందుకే కంటెయినర్లకు, సిలిండర్లకు, ఇనుప ట్రాలీలకు వెనక కొన్ని మిల్లీమీటర్ల మందం ఉన్న ఫోమ్ లేదా సెరామిక్ పొరతో ప్రత్యేకమైన ట్యాగ్‌లు వాడతారు. కాగితపు లేబుల్ కొద్ది రూపాయల్లో వస్తుంది. లోహపు ట్యాగ్‌కు దానికి ఎన్నో రెట్లవుతుంది. మందుల సంగతీ ఇంతే. అల్యూమినియం స్ట్రిప్పులు పేర్చిన పెట్టె పైకి అట్టే అయినా లోపల లోహపు దిమ్మ. పాలెట్ (పెట్టెలు పేర్చి ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తే పలక) నడుమ ఉన్న పెట్టెల ట్యాగ్‌లు నాలుగు వైపులా గోడ కట్టినట్టు మూసుకుపోతాయి. అలాంటి సరుకులో ప్రతి పెట్టె లేబులూ పాలెట్ బయటి ముఖానికే వచ్చేలా పేర్చాలి, లేదా కన్వేయర్ మీద ఒక్కొక్కటిగా చదవాలి.

నీటి సంగతి తెలియాలంటే మన రొయ్యలను చూడాలి. భీమవరం వైపు ప్లాంట్లలో గడ్డకట్టించి మైనస్ 18 డిగ్రీల్లో ఉంచిన రొయ్యల పెట్టెను రీడర్ బాగానే చదువుతుంది. మంచుగడ్డ ఈ తరంగాన్ని నీటి కంటే చాలా తక్కువగా మింగుతుంది. అదే పెట్టెను బయట వేడి గాలిలో పది నిమిషాలు ఉంచితే అట్ట మీద తేమ చెమటలా పడుతుంది. ట్యాగ్ మీద పల్చటి నీటి పొర చాలు, చదివే దూరం సగానికి పడిపోవడానికి. కాబట్టి రీడర్‌ను కోల్డ్ రూమ్ తలుపుకు ఆనుకొని పెట్టాలి. లోడింగ్ బే చివర పెడితే నెలల వారీగా ఫలితం మారుతూ ఉంటుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు. జిగురు విషయమూ ఉంది. మామూలు ఆక్రిలిక్ జిగురు 5 డిగ్రీల కంటే చల్లటి అట్టకు సరిగా పట్టదు. లేబుల్‌ను గడ్డకట్టించక ముందే అంటించాలి, లేదంటే ఫ్రీజర్ జిగురున్న లేబుళ్ళు తెప్పించాలి. చిప్‌కు మాత్రం చలి లెక్కలోది కాదు, మైనస్ 40 దాకా పనిచేస్తుంది.

ఎండు మిర్చి దీనికి పూర్తిగా ఎదురు. బాగా ఎండిన మిర్చి నింపిన గోనె టిక్కీ రేడియోకు దాదాపు గాలితో సమానం. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో వరసలు వరసలుగా పేర్చిన టిక్కీల్లో లోపలి వరసలోది కూడా చేతి రీడర్‌కు దొరుకుతుంది. ఇక్కడ తంటా రేడియోది కాదు. గోనె మీద ఏ జిగురూ నిలవదు. ట్యాగ్‌ను గుడ్డ పొరలో పెట్టి మూతి కుట్టేటప్పుడు కలిపి కుట్టేయాలి. కొక్కెంతో లాగే చోట పెడితే మొదటి రోజే చిరుగుతుంది.

పెట్టె మీద లేబుల్ ఎక్కడ అంటించాలన్నది ఊహించే విషయం కాదు, కొలవాల్సింది. నిజమైన సరుకుతో నింపిన పెట్టెను తీసుకోండి. ఒక ముఖం మీద తొమ్మిది గళ్ళు గీయండి. 2 మీటర్ల దూరంలో యాంటెన్నా ఉంచి, ఒక గడిలో ట్యాగ్ అంటించి, రీడర్ పవర్‌ను ఒక్కో డెసిబెల్ తగ్గిస్తూ పోండి. ఎక్కడ మాట ఆగిపోయిందో రాసుకోండి. తొమ్మిది గళ్ళకూ, మిగతా ముఖాలకూ ఇదే చేస్తే, అన్నిటికంటే తక్కువ పవర్‌తో పలికిన గడి బయటపడుతుంది. నూనె సీసాల పెట్టెలో అది దాదాపు ఎప్పుడూ సీసా మెడల ఎత్తులోనే వస్తుంది, అక్కడ లోపల ఖాళీ ఉంటుంది కాబట్టి. 6 డెసిబెల్స్ తేడా అంటే దూరం రెట్టింపు అవుతుంది లేదా సగమవుతుంది. ఒక పూట పని ఇది. చేయని వాళ్ళు తర్వాత యాంటెన్నాలు పెంచుకుంటూ పోతారు.

ఒక తలుపు, నాలుగు యాంటెన్నాలు

లోడింగ్ తలుపు దగ్గర మామూలుగా పెట్టేది నాలుగు పోర్టుల రీడర్ ఒకటి, తలుపుకు అటు రెండు ఇటు రెండు యాంటెన్నాలు. కింది జత నేలకు ముప్పావు మీటరు ఎత్తున, పై జత మీటరున్నర పైన. వాటితో పాటు తలుపుకు లోపల ఒకటి, బయట ఒకటి ఫోటో సెన్సర్లు. ఏ సెన్సర్ కిరణం ముందు తెగిందో దాన్నిబట్టి సరుకు లోపలికా, బయటికా అన్నది తేలుతుంది. ట్యాగ్ ఒక్కటే ఈ సంగతి చెప్పలేదు. సెన్సర్లకు పెట్టే డబ్బు మిగుల్చుకుందామని చూసిన చోట్ల, పాలెట్ ముందుకు వెనక్కు కదిలిన ప్రతిసారీ స్టాకు పెరిగి తరిగి లెక్క తలకిందులవుతుంది.

కేబుల్‌ను ఎవరూ పట్టించుకోరు, పవర్ సగం అందులోనే ఆవిరవుతుంది. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ ఈ ఫ్రీక్వెన్సీలో మీటరుకు సుమారు అర డెసిబెల్ తింటుంది. 10 మీటర్లు లాగితే 1 వాట్‌లో యాంటెన్నాకు చేరేది 0.3 వాట్. లావుపాటి ఎల్‌ఎంఆర్-400 అయితే అదే దూరానికి 1.3 డెసిబెల్స్ నష్టం, 0.74 వాట్ చేరుతుంది.

ఫోర్క్‌లిఫ్ట్ గంటకు 8 కిలోమీటర్ల వేగంతో వస్తే 3 మీటర్ల చదివే మేరను 1.4 సెకన్లలో దాటేస్తుంది. ఆ కాసేపట్లో అందరూ ఒకేసారి అరిస్తే ఏదీ వినిపించదు కాబట్టి రీడర్ వంతులు వేస్తుంది. 'ఇదిగో పదహారు గడులు, ఒక్కొక్కరూ ఒకటి ఎంచుకోండి' అంటుంది. ప్రతి ట్యాగ్ తోచిన గడి పట్టుకొని, తన వంతు రాగానే ముందు ఓ 16 బిట్ల తాత్కాలిక నంబరు చెబుతుంది. రీడర్ అదే నంబరు తిరిగి చెబితేనే అసలు నంబరు విప్పుతుంది. ఒకే గడిలో ఇద్దరు పడితే మళ్ళీ మొదటికి. గడులు తక్కువైతే గుద్దుకుంటాయి, మరీ ఎక్కువైతే ఖాళీ గడుల్లో సమయం పోతుంది. మంచి రీడర్లు ఈ సంఖ్యను తామే సర్దుకుంటాయి.

మనం చేతితో సర్దాల్సింది సెషన్. ఒకసారి పలికిన ట్యాగ్ ఎంతసేపు మౌనంగా ఉండాలో అది నిర్ణయిస్తుంది. సెషన్ 0లో కరెంటు పోగానే ట్యాగ్ అంతా మరిచి మళ్ళీ పలుకుతుంది. సెషన్ 1లో అర సెకను నుంచి 5 సెకన్ల లోపు మరుస్తుంది. 2, 3 సెషన్లలో కరెంటు అందినంతసేపూ, పోయాక కనీసం 2 సెకన్లూ నోరు విప్పదు. వెయ్యి చొక్కాలున్న పెట్టెకు 2 బాగుంటుంది, బలమైన ట్యాగ్‌లు తప్పుకొని బలహీనమైన వాటికి అవకాశం వస్తుంది. అయితే పక్కపక్క తలుపులన్నిటికీ ఇదే సెషన్ పెడితే, ఒకటో తలుపు రీడర్ దూరం నుంచే పలికించిన ట్యాగ్ రెండో తలుపు దాటేటప్పుడు మౌనంగా వెళ్ళిపోతుంది. రీడర్ చెడిందనుకొని మారుస్తారు. కొత్తదీ అంతే. పక్క తలుపులకు 2, 3 మార్చి మార్చి ఇవ్వడం, సెన్సర్ కదిలినప్పుడే రీడర్ మేల్కొనేలా చేయడం దీనికి మందు.

ట్యాగ్ చదవకపోవడం కంటే చదవకూడనిది చదవడం పెద్ద జబ్బు. తలుపు పక్కన రేపటి లోడు కోసం ఆపిన పాలెట్‌ను రీడర్ చదివేస్తుంది, అది ఈరోజే వెళ్ళిపోయినట్టు రికార్డవుతుంది. పవర్ తగ్గించవచ్చు, తలుపుల నడుమ లోహపు జాలి కట్టవచ్చు. కదిలే పాలెట్ సిగ్నల్ పెరిగి తగ్గుతుంది, ఆగి ఉన్నదాని సిగ్నల్ ఒకే తీరుగా ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఆ తేడా పట్టగలదు. వీటన్నిటికంటే చవకైనది, బాగా పనిచేసేది నేల మీద పసుపు గీత. తలుపుకు 3 మీటర్ల లోపు ఏ సరుకూ ఆపకూడదని గీసి, దాన్ని హమాలీలూ డ్రైవర్లూ పాటించేలా చూడటం. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఈ గీత గురించి చెప్పవు.

మన దేశపు ఇబ్బంది ఇంకొకటి ఉంది, విదేశీ మాన్యువళ్ళలో దొరకదు. నేల, గోడ, లారీ ఒంటి నుంచి తిరిగొచ్చే తరంగాలు నేరుగా వచ్చేదాంతో కలిసి కొన్ని చోట్ల ఒకదాన్నొకటి చంపేస్తాయి. ఆ చావు గుంటలో పడిన ట్యాగ్ 2 మీటర్ల దగ్గరున్నా పలకదు. అమెరికాలో బ్యాండ్ 902 నుంచి 928 దాకా, 26 మెగాహెర్ట్జ్ వెడల్పు. రీడర్ ఫ్రీక్వెన్సీ మారుస్తూ పోతుంటే రెండు దారుల మధ్య ఆరేడు మీటర్ల తేడా ఉన్నా గుంట పక్కకు జరుగుతుంది. మనకున్న రెండు మూడు మెగాహెర్ట్జ్‌లలో అటూ ఇటూ గెంతినా గుంట ఉన్నచోటే ఉంటుంది. అందుకే ఇక్కడ నిలిచి ఉన్న సరుకును చదవడం కంటే కదిలే సరుకును చదవడం మేలు. కదలని చోట యాంటెన్నాలను వేర్వేరు కోణాల్లో పెంచాలి.

ఇదే కారణంగా అమెరికా అమరికతో వచ్చిన సెకండ్ హ్యాండ్ రీడర్లను చవకగా దొరికాయని కొనడం మంచిది కాదు. 902 పైన ప్రసారం చేస్తే అది మన మొబైల్ ఫోన్లు టవర్‌తో మాట్లాడే 890-915 మెగాహెర్ట్జ్ మీద పడుతుంది. చట్టవిరుద్ధం కూడా.

నంబరు రాయడంలో జరిగే తప్పులు

ట్యాగ్‌లో రాసేది మామూలుగా 96 బిట్లు. వస్తువు ట్యాగ్‌ను హెక్సాడెసిమల్‌లో (నాలుగేసి బిట్లను ఒక్కో గుర్తుగా రాసే పద్ధతిలో) చదివితే మొదటి రెండు అంకెలు 30 అని ఉండాలి. ఇది వస్తువు రకం, దానికో విడి క్రమసంఖ్య అని ఆ 30 చెబుతుంది. పాలెట్‌కు 31, తిరిగి వాడే క్రేట్‌కు 33. తర్వాతి 3 బిట్లు ఇది విడి వస్తువా, పెద్ద పెట్టెనా అని చెబుతాయి. ఆ తర్వాతి 3 బిట్లు కంపెనీ నంబరు ఎన్ని అంకెలో చెబుతాయి. తర్వాత కంపెనీ నంబరు (మన దేశంలో బార్‌కోడ్ నంబర్లు కేటాయించే జీఎస్1 ఇండియా ఇచ్చినదైతే 890తో మొదలవుతుంది), వస్తువు నంబరు, చివర 38 బిట్ల క్రమసంఖ్య. ఒకే రకం సబ్బుకు 27,487 కోట్ల పైచిలుకు విడి నంబర్లు ఇవ్వవచ్చు.

బార్‌కోడ్‌లోని చివరి తనిఖీ అంకె ఇందులోకి రాదు. తెలియనివాళ్ళు బార్‌కోడ్ 13 అంకెలనూ ఉన్నవి ఉన్నట్టు హెక్సాలో ఎక్కిస్తారు. ట్యాగ్ 30తో కాక 89తో మొదలవుతుంది. సొంత గోడౌనులో అంతా బాగానే నడుస్తుంది. సరుకు కొన్నవాడి రీడర్ దగ్గరికి చేరాక ఆ నంబరుకు అర్థమే ఉండదు, లోడు మొత్తం 'గుర్తు తెలియని ట్యాగ్‌లు'గా పడుతుంది.

రెండు ప్రింటర్లు పెట్టుకున్న చోట ఇంకో తప్పు జరుగుతుంది. రెండింటికీ క్రమసంఖ్య ఒకటి నుంచి మొదలైతే ఒకే నంబరుతో రెండు పెట్టెలు పుడతాయి. రీడర్‌కు అది ఒక్క పెట్టె. స్టాకు తక్కువ చూపిస్తుంది, చేత్తో లెక్కపెడితే సరిపోతుంది, ఎక్కడ తేడా వస్తోందో వారాలు గడిచినా తేలదు. నంబర్లను ఒకే చోటి నుంచి పంచాలి. రాశాక తాళం వేయాలి. వేయకపోతే చేతి రీడర్ ఉన్న ఎవరైనా దాని మీద ఇంకో నంబరు రాయగలరు. తాళం వేసినా ఆ నంబరును చదివి వేరే ట్యాగ్‌లోకి కాపీ చేయడం సులువే. ఆర్‌ఎఫ్‌ఐడీ ఉంది కాబట్టి ఇది అసలు సరుకేనన్న ప్రచారం, మామూలు ట్యాగ్‌ల విషయంలో నిలవదు. 2013లో వచ్చిన జెన్ టూ రెండో రూపం రహస్య తాళంచెవితో రుజువు చూపే ఏర్పాటు తెచ్చింది, కానీ ఆ చిప్‌లు ఖరీదెక్కువ.

99 శాతం అంటే ఎంత

40 పెట్టెల పాలెట్ తలుపు దాటితే రీడర్ వెయ్యికి పైగా పలుకులు ఇవ్వగలదు. నిల్వ చేయాల్సింది ఒక్క సంఘటన: ఏవి, ఎక్కడ, ఎప్పుడు, ఏ పనిలో. ఈ నాలుగు ముక్కలనూ కంపెనీలు ఒకరికొకరు పంపుకొనే రూపమే ఈపీసీఐఎస్ ప్రమాణం, 2007లో వచ్చింది. 2022 నాటి కొత్త రూపంలో ఉష్ణోగ్రత లాంటి సెన్సర్ వివరాలు కూడా చేరాయి.

అమ్మేవాడు 99 శాతం చదువుతుందంటాడు. ఒక్కో పెట్టె 99 శాతం చదివితే, 40 పెట్టెలూ పూర్తిగా చదివిన పాలెట్లు 67 శాతమే. ప్రతి మూడింటిలో ఒక పాలెట్ లోటు చూపిస్తుంది. ఒక్కో పెట్టె 99.9 శాతమైతే అది 96కి చేరుతుంది. కాబట్టి ఒప్పందంలో పెట్టె లెక్క రాయించుకోవడం దండగ. 'పూర్తిగా చదివిన పాలెట్లు నూటికి ఎన్ని', 'నూరు సార్లలో పక్క సరుకు ఎన్నిసార్లు దూరింది' అనే రెండు అంకెలు రాయించుకోవాలి. పరీక్ష ఖాళీ పెట్టెలతో కాకుండా అమ్మే సరుకుతో, అలవాటైన వేగంతో, సరుకు కిక్కిరిసి ఉన్న రోజున జరగాలి.

లోటు చూపిన పాలెట్‌ను ఏం చేస్తారన్నది ముందే తేల్చుకోవాలి. ఒక దారి ఉంది: పాలెట్ ట్యాగ్ పలికి, 40లో 37 పెట్టెలు పలికితే, కట్టేటప్పుడు రాసుకున్న జాబితా ప్రకారం మిగతా మూడూ ఉన్నట్టే అనుకోవడం. ఒకే కంపెనీ రెండు గోడౌన్ల మధ్య, చుట్టిన ప్లాస్టిక్ తెగకుండా వచ్చిన పాలెట్‌కు ఇది ఫరవాలేదు. సరుకు చేతులు మారే చోట మాత్రం వద్దు. మూడు పెట్టెలు నిజంగానే దారిలో దిగిపోయినా కంప్యూటర్ 40 అనే చెబుతుంది. అక్కడ పాలెట్‌ను పక్కకు తీసి చేతి రీడర్‌తో చుట్టూ తిరగాలి. అందుకు చోటూ మనిషీ కావాలి. రెండూ లేని చోట, లారీ హారన్ కొడుతుంటే, కుర్రాడు 'ఓకే' నొక్కేస్తాడు. వాడి తప్పేం లేదు.

మౌనానికి రెండు అర్థాలు

కంటెయినర్ల దగ్గర ఈ చిక్కు ఇంకోలా ఎదురవుతుంది. 2016 జూలైలో ముంబై దగ్గరి జేఎన్‌పీటీ ఓడరేవులో లాజిస్టిక్స్ డేటా బ్యాంక్ మొదలైంది. కేంద్ర ప్రభుత్వ సంస్థా, జపాన్‌కు చెందిన ఎన్‌ఈసీ కంపెనీ కలిసి పెట్టిన ఏర్పాటు అది. ఓడరేవులో కంటెయినర్‌కు ట్యాగ్ వేస్తారు. రేవు గేట్లు, టోల్ ప్లాజాలు, లోతట్టు డిపోల దగ్గర రీడర్లు దాన్ని చదువుతాయి. తర్వాత విశాఖ, కృష్ణపట్నం రేవులకూ వచ్చింది. కంటెయినర్ నంబరు కొడితే చివరిగా ఏ గేటు దాటిందో కనిపిస్తుంది. ఏ డిపోలో ఎన్ని గంటలు పడి ఉందన్నది లెక్క తేలుతుంది. దాని విలువంతా అక్కడే, ఆలస్యం ఎవరి ఆవరణలో జరిగిందో వాదులాట లేకుండా తెలుస్తుంది. రెండు టోల్‌గేట్ల మధ్య ఢాబా దగ్గర లారీ ఆగిందా, టైరు పోయిందా అన్నది చెప్పడం దాని పని కాదు.

2017లో కస్టమ్స్ బోర్డు ఎగుమతిదారులు తమ ఫ్యాక్టరీలోనే కంటెయినర్‌కు సీల్ వేసుకునే పద్ధతిలో ఆర్‌ఎఫ్‌ఐడీ ఈ-సీల్ తెచ్చింది. ఐఎస్‌ఓ 17712 ప్రకారం గట్టి బోల్టు, తలలో జెన్ టూ ట్యాగ్, ఒక్కసారి వాడేసేది. సీల్ వేయగానే షిప్పింగ్ బిల్లు నంబరు, సీల్ నంబరు, వేసిన తేదీ, సమయం, కంటెయినర్ నంబరు, లారీ నంబరు ఆన్‌లైన్‌లో నింపాలి. రేవులో చదివినప్పుడు అవి సరిపోవాలి. బోల్టు కోస్తే లోపలి సర్క్యూట్ తెగి ట్యాగ్ మూగబోయేలా చాలా డిజైన్లు ఉంటాయి. ఆలోచన బాగానే ఉంది, కానీ మూగబోవడానికి వేరే కారణాలూ ఉంటాయి. సీల్ తల తలుపు కమ్మీ వెనక్కి తిరిగి ఉండవచ్చు, బిగించేటప్పుడు దెబ్బ తగిలి ఉండవచ్చు, రీడర్ కోణం సరిపోకపోవచ్చు. ట్యాగ్ పలికితే అది ఆధారం. పలకకపోతే అనుమానం మాత్రమే, మనిషి వెళ్ళి చూడాలి. రొయ్యలను చల్లగా ఉంచే రీఫర్ కంటెయినర్ విషయంలో ఆ చూసే గంట కూడా భారమే. కాబట్టి సీల్ వేశాక ఫ్యాక్టరీ గేటులోనే చేతి రీడర్‌తో ఒకసారి చదివి పంపడం, ట్యాగ్ ముఖం బయటికే ఉండేలా బిగించడం మామూలు జాగ్రత్తలు.

ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ అక్కర్లేదు

ఈ పద్ధతి సరుకు రవాణాలోకి వచ్చిన తీరు 1999లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆటో-ఐడీ సెంటర్ అనే పరిశోధన కేంద్రంతో మొదలవుతుంది. 2003 జూన్‌లో వాల్‌మార్ట్ తన 100 పెద్ద సరఫరాదారులను 2005 జనవరికల్లా పాలెట్లకూ పెట్టెలకూ ట్యాగ్‌లు వేయమంది. జెన్ టూ ప్రమాణం ఖరారైంది 2004 డిసెంబరులో, అంటే గడువుకు నెల ముందు. సరఫరాదారులు లారీ ఎక్కించే ముందు లేబుల్ అంటించి పంపేశారు. తమ గోడౌనులో ఒక్క పని కూడా దాంతో చేసుకోలేదు. ఖర్చు వాళ్ళది, లాభం ఇంకొకరిది. అది చల్లబడిపోయింది. బట్టల్లో మాత్రం నిలబడింది. జారా దుకాణాల మాతృసంస్థ ఇండిటెక్స్ 2014 నుంచి పెద్ద ఎత్తున వేసింది. బట్టకు లోహం లేదు, నీరు లేదు, రకాలూ సైజులూ లెక్కలేనన్ని, షాపులో స్టాకు ఎంతుందో తెలియక పోయే అమ్మకం కళ్ళకు కనిపిస్తుంది.

హైదరాబాదు మందుల కంపెనీల సంగతి వేరు. మన దేశంలో 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్లకు క్యూఆర్ లేదా బార్‌కోడ్ తప్పనిసరి, అమెరికా చట్టం కోరేది చతురస్రపు డేటామ్యాట్రిక్స్ ముద్ర. ఆ ముద్రను ఎలాగూ ప్రతి ప్యాకెట్ మీద వేసి చదవాలి. దాని పైన ఆర్‌ఎఫ్‌ఐడీ వేస్తే ఖర్చు రెండింతలు, అల్యూమినియం స్ట్రిప్పులతో కుస్తీ అదనం. లోడింగ్ దగ్గర నిజంగా క్యూ పేరుకుపోతుంటే పాలెట్‌కు ఒక ట్యాగ్ వేస్తే చాలు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు అన్నిటికంటే తేలికైన చోటు తిరిగొచ్చే ప్లాస్టిక్ క్రేట్లు, ట్రాలీలు. పాలు, కూరగాయలు, వాహనాల విడిభాగాలు మోసేవి. క్రేట్ యజమాని ఒకరే, రీడర్లూ వాళ్ళవే. ఒక్కో ట్యాగ్ ఏళ్ళ తరబడి తిరుగుతుంది కాబట్టి కాస్త ఖరీదైనది పెట్టినా ట్రిప్పుకు పైసలే పడుతుంది. ఎదురెదురు గోడలకు రెండు ట్యాగ్‌లు, రెండింటిలో ఒకే క్రేట్ నంబరు, క్రమసంఖ్యకు చివర ఒక అంకె తేడా. కాగితపు లేబుల్ వద్దు, వేడినీటి కడుగుడుకు ఊడుతుంది. ప్లాస్టిక్ గుళికలో మూసి, క్రేట్ గోడకు రివెట్ కొట్టాలి, అదీ లోపల సరుకు తాకని పై అంచు దగ్గర. మొదటి నెల రీడర్ ఒక్క గేటు దగ్గరే ఉండనివ్వండి. ఏ డీలరు దగ్గర ఎన్ని క్రేట్లు ఆగిపోతున్నాయో ఆ ఒక్క గేటే చెప్పేస్తుంది.